నిలకడ లేనిదానిని తెలుసుకోవడం: జోన్ ఎర్డ్లీ సముద్రచిత్రాలు

క్షణక్షణం మారిపోయే వస్తువును గురించి నిశ్చయమైన జ్ఞానం సాధ్యమా అన్నది తత్త్వశాస్త్రంలో అతి ప్రాచీనమైన ప్రశ్న. ప్రతి వస్తువూ పుట్టిన మరుక్షణమే నశించి, దాని చోట దానిని పోలిన మరొకటి పుడుతుందనీ, ఆ పోలిక వల్లనే రెంటినీ ఒకటిగా భ్రమపడుతున్నామనీ బౌద్ధుల క్షణికవాదం చెప్పింది. దీనికి సమాధానంగా నైయాయికులు, మీమాంసకులు ప్రత్యభిజ్ఞను, అంటే లోగడ చూసినదానిని మళ్లీ చూసినప్పుడు ‘ఇది అదే’ అని గుర్తించే జ్ఞానాన్ని చూపగా, దీపశిఖను చూసినా అది ఇందాకటి జ్వాలే అనిపిస్తుంది కదా అని బౌద్ధులు ఎదురుప్రశ్న వేశారు. స్కాట్లాండ్ తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ కూడా 1739లో వెలువడడం మొదలైన తన మానవస్వభావ గ్రంథంలో, వరుసగా కలిగే అనుభవాల నడుమ ఉన్న పోలికను ఆసరా చేసుకొని ఊహాశక్తే ఏకత్వాన్ని కల్పిస్తుందని వాదించాడు. ఈ వాదాన్ని తుదిదాకా తీసుకుపోతే అలలు మిగులుతాయి గానీ సముద్రం మిగలదు. స్కాట్లాండ్ తీరాన్ని చిత్రించిన జోన్ ఎర్డ్లీ (1921–1963) కృషిని ఈ చర్చకు ఒక సమాధానంగా చదవవచ్చు.

ఎర్డ్లీ ఇంగ్లాండులోని ససెక్స్ ప్రాంతంలో, వార్నమ్ అనే ఊళ్లో పుట్టింది. మొదటి ప్రపంచయుద్ధంలో విషవాయువు బారిన పడి, మానసికంగా కుంగిపోయిన తండ్రి ఆమె చిన్నతనంలోనే ఆత్మహత్య చేసుకున్నాడు. రెండవ ప్రపంచయుద్ధపు తొలినాళ్లలో కుటుంబం గ్లాస్గో ప్రాంతానికి తరలిరాగా, 1940 నుంచి ఆమె అక్కడి కళాపాఠశాలలో చదివింది. 1950ల ఆరంభంలో ఆమెకు ఈశాన్య తీరంలో, అబర్డీన్‌కు దక్షిణాన ఉన్న కాటర్‌లైన్ అనే జాలరిపల్లె పరిచయమైంది. గట్టు మీద వరుసగా చిన్న ఇళ్లు, దిగువన ఒక చిన్న రేవు, ఎదుట ఉత్తర సముద్రం ఉన్న ఆ పల్లెలో, కరెంటూ కుళాయీ లేని మట్టినేల ఇంట్లో కాపురముండి, మధ్యమధ్య గ్లాస్గోకు వెళ్లివస్తూ, క్యాన్సర్‌తో నలభై రెండో ఏట కన్నుమూసేదాకా ఆమె ఆ తీరాన్నే చిత్రించింది. ఒక చోటును ఎంత బాగా ఎరిగితే అంత ఎక్కువ దొరుకుతుందన్నది ఆమె నమ్మకం. అందుకే అక్కడ పనిచేసేటప్పుడు ఊరు దాటడం అటుంచి, నిలబడ్డ చోటు మారడం కూడా అరుదు.

ఆ నిలబడడంలోనే తాత్వికమైన తెగింపు ఉంది. భయమూ ఆనందమూ కలగలిసి మనసును నింపే మహత్తును పాశ్చాత్య సౌందర్యశాస్త్రం ఉదాత్తం అంటుంది. ప్రమాదం కొంత ఎడంగా ఉన్నప్పుడే అది ఆనందమవుతుందని ఎడ్మండ్ బర్క్ 1757లో ప్రతిపాదించగా, చూసేవాడు సురక్షితంగా ఉండాలన్న నియమాన్ని కాంట్ 1790లో నిలుపుకొన్నాడు. ఎర్డ్లీ ఆ ఎడాన్ని వదులుకుంది. పెద్ద హార్డ్‌బోర్డులను తీరానికి మోసుకుపోయి, గాలికి ఎగిరిపోకుండా తాళ్లతోనూ బరువులతోనూ బిగించి, తుపాను ఎదుటనే పనిచేసింది. అందువల్ల ఆ చిత్రాల్లో సముద్రం మనిషి మనసు గొప్పతనాన్ని చాటే సాధనంగా కాక, మనిషి ప్రమేయం లేకుండా తనంత తానుగా ఉన్న శక్తిగా కనిపిస్తుంది.

1961లో వేసిన ‘అల’ అనే చిత్రం ఇందుకు మంచి ఉదాహరణ. స్కాట్లాండ్ జాతీయ కళాసేకరణలో ఉన్న ఈ బోర్డు వెడల్పు దాదాపు 188 సెంటీమీటర్లు. దాని తైలవర్ణంలో గరుకు ఇసుక కలిసి ఉంది. 1960 నాటి మరో చిత్రంలో, డెయిజీ పూల నడుమ, నిజమైన గడ్డిపరకలూ గింజలూ రంగులో అతుక్కుని ఉన్నాయి. వడ్రంగి చేసిన మంచం ఆదర్శరూపానికి అనుకరణ అయితే, చిత్రకారుడి మంచం ఆ అనుకరణకు అనుకరణ అనీ, కనుక చిత్రకళ సత్యానికి మరీ దూరమనీ ప్లేటో ఆక్షేపించాడు. రంగులో ఇమిడిన ఇసుకరేణువు దేనికీ అనుకరణ కాదు గనుక ఆ ఆక్షేపణ దానికి తగలదు. అయితే రేణువు ఉన్నంత మాత్రాన బోర్డు సముద్రమైపోదు. ఏరి తెచ్చిన ఇసుకను ఎవరైనా ఎక్కడైనా అతికించవచ్చు. ఎర్డ్లీ చిత్రంలో దానికి విలువ వచ్చింది, చిత్రించిన వ్యక్తీ చిత్రితమైన వస్తువూ ఒకే చోట, ఒకే గాలిలో ఉన్నాయనడానికి అది సాక్ష్యం కావడం వల్ల.

ఎన్ని చిత్రాలు వేసినా అవి ఎన్నో అలలనే చూపుతాయి, ఒక్క సముద్రాన్ని కాదని హ్యూమ్ పక్షం వహించేవారు అనవచ్చు. కానీ ప్రత్యభిజ్ఞలన్నీ ఒకే తరగతివి కావు. దీపాన్ని ఒక్కసారి చూసి అదే జ్వాల అనుకోవడం అలవాటు చేసే పని. కవలల్లో ఎవరు ఎవరో తల్లి పోల్చుకోవడం ఏళ్ల తరబడి తేడాలను గమనించినందువల్ల సమకూరిన జ్ఞానం. ఎర్డ్లీ గుర్తింపు ఈ రెండో తరగతికి చెందుతుంది. ఆటుపోట్లు, గాలి దిక్కు, ఋతువును బట్టి మారే వెలుగు ఆమె చేతిని అడుగడుగునా సరిదిద్దాయి. ఇష్టం వచ్చినట్లు కల్పించుకునే ఊహకు అలాంటి దిద్దుబాటు ఉండదు. కాబట్టి ఏకత్వం మార్పుల వెనుక దాగిన వేరే పదార్థమూ కాదు, మనసు అల్లిన కట్టుకథా కాదు. మార్పులన్నిటినీ ఓపికగా భరించిన దృష్టికి మాత్రమే అందే సత్యం అది.

ఈ దృష్టి ప్రకృతికే పరిమితం కాలేదు. గ్లాస్గోలోని టౌన్‌హెడ్ అనే పేదవాడలో, చుట్టుపక్కల పిల్లలను ఆమె ఏళ్ల తరబడి చిత్రించింది. 1962–63లో వేసిన, సుద్దరాతల గోడ ముందు పిల్లలున్న చిత్రంలో వార్తాపత్రిక ముక్కలూ మెరుపుకాగితాలూ అతికి ఉన్నాయి. అక్కడి ఇసుకకూ ఇక్కడి కాగితానికీ ధర్మం ఒక్కటే. పేదరికాన్ని దూరం నుంచి చూసి జాలిపడడం కూడా సురక్షితమైన చోటు నుంచి తుపానును మెచ్చుకోవడం లాంటిదే గనుక, ఆమె రెంటినీ తిరస్కరించింది. ఎర్డ్లీ చిత్రాల్లో దేవతామూర్తి గానీ మతచిహ్నం గానీ లేకపోయినా, సాధన అన్న మాటకు మతసంప్రదాయాలు ఇచ్చే అర్థం, అంటే ఫలం చేతికి అందకపోయినా దృష్టి మరల్చకుండా నిలవడం, ఆమె పనికి పూర్తిగా వర్తిస్తుంది. మారేదానిని తెలుసుకోవాలంటే దానిని ఆపనక్కరలేదనీ, తెలుసుకోగోరేవాడే దానితో నిలవాలనీ ఆ పని నిరూపించింది. జ్ఞానానికి ప్రమాణాలతో పాటు నిష్ఠ కూడా అవసరమని ఒప్పుకోని తత్త్వశాస్త్రం దానికి బదులు చెప్పవలసి ఉంటుంది.