కరెంటు తిరుగుదారి

వాల్వులతో ఇంట్లో కట్టుకున్న గిటారు యాంప్లిఫయర్‌కు స్విచ్చి వేశాక, ఫిలమెంట్లు ఎర్రబారి వాల్వులు వేడెక్కే కొద్దిసేపట్లోనే, ఇంకా ఎవరూ తీగ మీటకముందే స్పీకరులోంచి వచ్చే మోతను మెకానిక్కులు హమ్మింగ్ అంటారు. దాన్ని బయటినుంచి దూరిన దోషంగా ఎంచి తరిమెయ్యాలని చూడడం సహజమే గాని, పరిశీలించినకొద్దీ అది యంత్రానికి ప్రాణం పోస్తున్న కరెంటేనని, తనది కాని దారిన స్పీకరు దాకా వచ్చి పలుకుతున్నదని తేలుతుంది. మన ఇళ్లకు వచ్చే 230 వోల్టుల కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలు తిరుగుతుంది. దాన్ని ఒకే దిశలో పారే డీసీగా మార్చే రెక్టిఫయర్ రెండు అర్ధతరంగాలనూ వాడుకుంటుంది గనుక అక్కడ మిగిలే అల సెకనుకు 100 సార్లు ఊగుతుంది. గిటారులో అన్నిటికన్న లావు తీగ 82 దగ్గర, దాని పక్క తీగ 110 దగ్గర పలుకుతాయి. ఈ 100 ఆ రెంటి నడుమ, ఏ స్వరస్థానం మీదా సరిగా నిలవని చోట పడుతుంది. ఎవరూ పెట్టని శ్రుతి, వాయిద్యంతో కలవని శ్రుతి, పాట పొడవునా వెంట నడుస్తుందన్నమాట.

స్వరం నిండుగా ఉన్నప్పటికంటే ఆరిపోతున్నప్పుడు ఈ మోత ఎక్కువ బాధిస్తుంది. కొల్లేరు సరస్సుకు తూర్పున పాలకొల్లులో 1969లో పుట్టి, 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవంలో తొలి కచేరీ చేసిన మాండలిన్ శ్రీనివాస్, ఎలక్ట్రిక్ వాయిద్యంతో కర్ణాటక గమకాన్ని చివరికంటా నిలబెట్టవచ్చునని లోకానికి చూపాడు. ఆ గమకపు కొస వినపడాలంటే దాని కింద నిశ్శబ్దం ఉండాలి. ఇక్కడొక చిక్కు ఉంది. ఇలాంటి వాయిద్యంలో తీగ కంపనాన్ని పట్టేది పికప్, అంటే అయస్కాంతం చుట్టూ సన్నని రాగితీగ చుట్టిన చిన్న సాధనం; పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ వ్యాపించే అయస్కాంత క్షేత్రాన్ని కూడా అదే చుట్ట అంతే శ్రద్ధగా పట్టుకుంటుంది. నాదమేదో రొద ఏదో దానికి తెలియదు. ఆ విచక్షణ కట్టేవాడిదే.

అన్నిటినీ హమ్మింగ్ అనే అన్నా, చెవికి ఇవి వేరువేరు. అడుగున మెత్తగా గుయ్‌మనే 50 ఆవర్తనాల మోత చాలావరకు వాల్వులను వేడిచేసే 6.3 వోల్టుల ఏసీ తీగల నుంచో, ట్రాన్స్‌ఫార్మర్ నుంచో వస్తుంది. ఆ తీగలను రెండింటినీ పురి పెట్టి ఛాసిస్ అనే లోహపు చట్రం మూలగా నడపడం, రెండు ట్రాన్స్‌ఫార్మర్లను ఒకదానికొకటి అడ్డంగా తిప్పి బిగించడం దానికి మందు. దానికి రెట్టింపు శ్రుతిలో వస్తే, డీసీని నునుపు చేసే ఫిల్టర్ కండెన్సర్ ఎండిపోయిందని చెప్పవచ్చు. అంచులు పదునుగా జుర్రుమని వినిపించేది మాత్రం ఆ కండెన్సరును నింపే క్షణకాలపు ప్రవాహాలు తమవి కాని తీగల్లో జొరబడినప్పుడో, దగ్గర్లోని ట్యూబులైటు వంటివాటి వల్లనో పుడుతుంది. వాల్యూమ్ పూర్తిగా తగ్గించినా మోత మారకపోతే దాని మూలం ఆ వాల్యూమ్ తర్వాతి దశల్లో ఉన్నట్టు. తగ్గితే ముందు దశల్లో ఉన్నట్టు. అప్పటికీ తెలియకపోతే, స్విచ్చి తీసి చల్లారనిచ్చి మొదటి వాల్వును ఊడదీసి, మళ్లీ స్విచ్చి వేసి వినాలి. బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ ఒకప్పుడు తయారుచేసిన వాల్వులనైనా, ఇప్పుడు ఖరీదు పెట్టి తెప్పించినవాటినైనా ముందుగా అనుమానించి మార్చడం అందరికీ అలవాటు, ఎందుకంటే అవి కంటికి కనిపిస్తాయి; తప్పు తరచుగా ఎవరూ చూడని టంకం అతుకులో, కరెంటు వెనక్కి వెళ్లే తీగలో ఉంటుంది.

వచ్చే దారి మీద ఉన్న ధ్యాస పోయే దారి మీద లేకపోవడం ఈ కొల్లేటి సీమకు కొత్త సంగతి కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటినుంచి పొలానికి నీరు తెచ్చిన కాలువలను జనం తలుచుకుంటూనే ఉన్నారు. ఆ నీరు బయటికి పోవలసిన మురుగు కాలువలను తలిచినవారు తక్కువ. బుడమేరు, ఏలూరును ఒరుసుకుంటూ వచ్చే తమ్మిలేరు, డెల్టా మురుగు కాలువలు అన్నీ కొల్లేటిలో కలిస్తే, కొల్లేటినుంచి సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. బుడమేరు పొంగినప్పుడు ఉప్పుటేరు లాగలేకపోతే, ఆ వరదతో ఏ సంబంధమూ లేని చిన్న కాలువలో సైతం నీటిమట్టం లేస్తుంది. సరస్సులో నీటి దారికి అడ్డం పడిన చేపల చెరువుల గట్లను 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట తెగ్గొట్టవలసి రావడానికి ఒక కారణం ఇదే. యాంప్లిఫయర్‌లో జరిగేదీ అక్షరాలా ఇదే. రెక్టిఫయర్ కండెన్సరును నింపే ప్రవాహం సాఫీగా పారదు. సెకనుకు 100 సార్లు క్షణకాలం పొంగి ఆగుతుంది. ఆ పొంగు ఒక ఆంపియరు ఉండి, అది వెనక్కి వెళ్లే తీగలోనో అతుకులోనో ఓములో నూరోవంతు నిరోధం ఉంటే, ఆ కొంచెం మేర 10 మిల్లీవోల్టులు లేస్తాయి. గిటారు మెల్లగా మీటితే వచ్చేదీ ఇంచుమించు ఆ కోవలోని సంకేతమే. మొదటి వాల్వు అదే తీగను తన సున్నాగా నమ్ముకుని ఉంటే ఆ పది మిల్లీవోల్టులనూ పాటగానే ఎంచి యాభై రెట్లు పెంచుతుంది.

సర్క్యూట్ బొమ్మలో ఎర్త్ గుర్తులు ఎన్ని ఉన్నా అన్నీ ఒకే సున్నా. 2015లో తాడేపల్లిగూడెంలో మొదలైన ఎన్‌ఐటీలో చదివే విద్యార్థి అయినా, ఏలూరులో మైకుసెట్లు బాగుచేసే మెకానిక్కు అయినా ముందు నేర్చుకునేది ఆ బొమ్మనే. బొమ్మలోని సున్నాకు పొడవు లేదు; ఛాసిస్‌లోని తీగకు పొడవుంది, నిరోధముంది, తడిగాలికి తుప్పు పట్టే స్క్రూ ఉంది. అందుకే మొదటి ఫిల్టర్ కండెన్సర్ మైనస్ కొనను నేరుగా ట్రాన్స్‌ఫార్మర్ మధ్య తీగకే కలిపి, ఆ పొంగును అక్కడికక్కడే తిప్పి పంపించి, మొదటి వాల్వు తీగలను ఇన్‌పుట్ సాకెట్ దగ్గర వేరుగా కూర్చి, సర్క్యూట్‌ను ఛాసిస్‌కు ఒక్కచోటే బిగిస్తారు. వాల్వు ఒక్కటీ మార్చకుండా, తీగ ఒకదాన్ని నాలుగంగుళాలు జరిపి మళ్లీ టంకం వేస్తే మోత పోవడంలోని వింత ఇంతే. ఇంటి పెరట్లో ఉప్పూ బొగ్గూ వేసి ఎర్త్ గొయ్యి తీస్తే మోత పోతుందన్న నమ్మకం సరికాదు. కొల్లేటి ఒడ్డున నేల ఎంత తడిగా ఉన్నా, లోపలి కరెంటు వెళ్లవలసింది నేలలోకి కాదు, తాను బయలుదేరిన ట్రాన్స్‌ఫార్మర్‌కే.

ఆ గొయ్యి మోత కోసం కాదు, మనిషి కోసం. గిటారు తీగలు ఛాసిస్‌కు కలిసే ఉంటాయి. వాటి మీద చెయ్యి వెయ్యగానే జుర్రుమనే మోత తగ్గడం వాయించేవారందరూ ఎరిగినదే. అంటే వాయించేవాడి ఒళ్లు కూడా ఆ దారిలో భాగమే. కనుక మోత తగ్గుతుందని ప్లగ్గులో మూడో పిన్ను తీసెయ్యడం ఎవరూ చెయ్యకూడని పని; ఫేజు తీగ ఛాసిస్‌కు తగిలిననాడు ఫ్యూజు పోయేలా చేసి ప్రాణం కాపాడేది ఆ పిన్నే. స్విచ్చి తీసిన తర్వాత కూడా కండెన్సర్లలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు గనుక, రెసిస్టరు ద్వారా వాటిని ఖాళీ చేసి, మీటరు సున్నా చూపాకనే ఛాసిస్‌లో చెయ్యి పెట్టాలి.