బోర్డు మీద పేరు ఎవరి కోసం?

చిట్టితల్లీ,

మండల న్యాయ సేవా కమిటీలో పారా లీగల్ వాలంటీరుగా చేరావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషమమ్మా. అరెస్టయినవాళ్ల వివరాలు పోలీసులు చెబితేనే తెలుస్తాయా, మామూలు మనిషి తనంతట తాను చూసుకునే దారి ఉందా అని అడిగావట. ఉంది. ఒకటి కాదు, నాలుగైదు ఉన్నాయి. కోర్టు గుమస్తాగా తల నెరిసినవాణ్ణి కాబట్టి ఆ దారులన్నీ నీకు చెప్పి పెట్టడం పెదనాన్నగా నా బాధ్యత. దారులతో పాటు, ఏ దారిలో ఎందాకా వెళ్లాలో, ఎక్కడ ఆగాలో కూడా చెబుతాను. ఆ రెండోదే అసలు సంగతి.

ముందు ఒకటి మనసులో పెట్టుకో. అరెస్టు వివరాలు జనానికి తెలియాలని చట్టం పెట్టింది మనిషి పరువు తీయడానికి కాదు, మనిషి మాయం కాకుండా ఉండటానికి. ఈ ఏర్పాటు ఎలా వచ్చిందో తెలిస్తే నీకే అర్థమవుతుంది. 1986లో పశ్చిమ బెంగాల్‌లో న్యాయ సహాయ సంస్థకు అధ్యక్షుడిగా ఉన్న డి.కె. బసు, లాకప్ మరణాల మీద పేపర్లలో వచ్చిన వార్తలు చూసి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఒక ఉత్తరం రాశారు. కోర్టు ఆ ఉత్తరాన్నే రిట్ పిటిషనుగా తీసుకుంది. 1996 డిసెంబరు 18న తీర్పు చెబుతూ 11 నియమాలు పెట్టింది. అరెస్టు మెమో రాయాలి, దాని మీద ఇంటివాళ్లో ఊళ్లో పెద్దమనిషో సాక్షి సంతకం చేయాలి, అరెస్టయినవాడు చెప్పిన మనిషికి కబురు వెళ్లాలి. పట్టుకున్న 12 గంటల లోపు జిల్లా కంట్రోల్ రూముకు తెలియజేయాలి, అక్కడ నోటీసు బోర్డు మీద పెట్టాలి. ఇవన్నీ దేని కోసం? ఫలానావాడు ఫలానా చోట పోలీసుల దగ్గర ఉన్నాడని నలుగురికీ తెలిస్తే వాడి ఒంటి మీద చెయ్యి పడేముందు ఎవరైనా ఆలోచిస్తారని. నువ్వు బోర్డు ముందు నిలబడ్డ ప్రతిసారీ ఆ ఉత్తరం గుర్తుంచుకో.

ఆ బోర్డు నియమం తర్వాత చట్టంలోకే ఎక్కింది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 41సి సెక్షనుగా 2010లో అమల్లోకి వచ్చింది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 37వ సెక్షను. ఈ నంబరు నోటికి రావాలి నీకు. దాని ప్రకారం ప్రతి పోలీస్ స్టేషన్‌లోనూ, ప్రతి జిల్లాలోనూ ఏఎస్సైకి తగ్గని హోదాలో ఒక అధికారిని ఇందుకోసం నియమించాలి. అరెస్టయినవాళ్ల పేరు, చిరునామా, మోపిన నేరం ఏ రకమైనదీ ఆయన దగ్గర ఉండాలి. ఆ వివరాలు స్టేషన్‌లోనూ జిల్లా కేంద్రంలోనూ అందరికీ కనబడేలా పెట్టాలి. గోడ మీద బోర్డైనా సరే, తెర మీదైనా సరే.

అలా అని స్టేషన్‌కు పోయి సెక్షన్లు వల్లించకు. "నమస్కారం రైటర్ గారూ, న్యాయ సేవా కమిటీ నుంచి వచ్చాను. అరెస్టుల వివరాలు చూసే ఏఎస్సై గారు ఎవరండీ?" అని అడుగు. గౌరవంగా అడిగినవాళ్లకు సగం తలుపులు ఊరికే తెరుచుకుంటాయి. బోర్డు మీద పేరు లేదంటే జిల్లా కంట్రోల్ రూముకు ఫోన్ చెయ్యి. అక్కడా లేదంటే, ఎవరితో మాట్లాడావు, ఎన్ని గంటలకు, ఏమన్నారు అన్నది అప్పటికప్పుడే రాసుకో. మాటకు మాట పెంచుకోకు. నీ నోటుపుస్తకంలో పడిన ఆ రెండు వరుసలు రేపు కోర్టులో పది కేకల కంటే గట్టిగా మాట్లాడతాయి.

ఇక్కడ నీకు తరచూ ఎదురయ్యేది ఒకటుంది. "అరెస్టేం లేదమ్మా, ఊరికే విచారణకు పిలిచాం" అంటారు. రాత్రి తీసుకెళ్లినవాణ్ణి రెండు రోజుల తర్వాత బస్టాండు దగ్గర పట్టుకున్నట్టు కాగితం రాస్తారు. మన భాషలో దాన్ని అరెస్టు చూపించడం అంటారు. రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం పట్టుకున్న మనిషిని ప్రయాణానికి పట్టే కాలం పోగా 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఆదివారమైనా, పండగైనా అంతే, అవసరమైతే మేజిస్ట్రేటు ఇంటి దగ్గరే. అందుకని, అలాంటి కుటుంబం నీ దగ్గరకొస్తే ముందు ఓదార్చు, వెంటనే అడగాల్సినవి అడుగు. ఎన్ని గంటలకు తీసుకెళ్లారు? ఎవరు చూశారు? ఏ బండిలో? ఎవరికైనా కబురు పంపారా? నాగరిక్ సురక్షా సంహిత 48వ సెక్షను ప్రకారం ఆ కబురు ఎవరికి చెప్పిందీ స్టేషన్ పుస్తకంలో రాసి ఉండాలి. ప్రతి స్టేషన్‌లోనూ సీసీ కెమెరాలు ఉండాలని 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వాటి దృశ్యాలు ఏడాదికి తగ్గకుండా భద్రపరచాలని కూడా చెప్పింది. ఏ గంటకు ఎవరు ఆ గడప దాటారో అందులో ఉంటుంది. ఆ దృశ్యాలు కావాలని ఆ రోజే అర్జీ పెట్టమని ఆ కుటుంబానికి చెప్పు.

ఆ 24 గంటల గడువు దాటినా ఆచూకీ లేకపోతే ఆలస్యం వద్దు. అదే సంహిత 100వ సెక్షను కింద మేజిస్ట్రేటు సోదా వారంటు ఇవ్వగలరు. మనిషిని కోర్టు ముందుకు తెమ్మని హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషను వేయొచ్చు. సమాచార హక్కు చట్టం కింద మామూలు దరఖాస్తుకు 30 రోజులు పడుతుంది కానీ, మనిషి ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించిందైతే 48 గంటల్లో జవాబివ్వాలి. ఆ మాట దరఖాస్తు మొదటి వరుసలోనే రాయించు. లాయరు ఫీజు గురించి వాళ్లు భయపడుతుంటే, కస్టడీలో ఉన్నవాడికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుందని చెప్పు. 15100 నంబరు వాళ్ల చేతిలో రాసి పెట్టు.

ఇక ఎఫ్‌ఐఆర్ సంగతి. యూత్ బార్ అసోసియేషన్ కేసులో 2016 సెప్టెంబరు 7న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం ప్రకారం ఎఫ్‌ఐఆర్ నమోదైన 24 గంటల్లో పోలీసు వెబ్‌సైటులో పెట్టాలి. నెట్ సరిగా అందని చోట 72 గంటల దాకా వెసులుబాటు ఇచ్చారు. లైంగిక నేరాలు, పోక్సో, ఉగ్రవాదం లాంటి సున్నితమైన కేసులు మాత్రం పెట్టరు. ఆ నిర్ణయం డీఎస్పీ హోదాకు తగ్గని అధికారి తీసుకోవాలి. ఆంధ్ర పోలీసు వెబ్‌సైటులోనైనా తెలంగాణ పోలీసు వెబ్‌సైటులోనైనా జిల్లా, స్టేషను, క్రైమ్ నంబరు, సంవత్సరం తెలిస్తే దొరకబుచ్చుకోవచ్చు. ఫిర్యాదు చేసినవాళ్లకైతే కాపీ ఉచితంగా చేతికే ఇవ్వాలి.

అయితే ఎఫ్‌ఐఆర్‌లో పేరున్నంత మాత్రాన అరెస్టయినట్టు కాదు. ఏ1, ఏ2 అని రాసిన పది మందిలో ఒక్కరినీ అరెస్టు చేయకుండా నోటీసిచ్చి పంపిన కేసులు కొల్లలు. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో ఊరికే అరెస్టు చేయొద్దని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. అలాగే అరెస్టయినంత మాత్రాన చార్జిషీటు పడినట్టు కాదు, చార్జిషీటు పడినంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదు. ఈ నాలుగు మెట్లనూ కలిపేసి మాట్లాడేవాళ్లే ఊరంతా. నువ్వు మాత్రం విడివిడిగా మాట్లాడు. ఎవరైనా అడిగితే "కేసు ఏ మెట్టు మీద ఉందో చూసి చెబుతాను" అను.

ఆ మెట్టు చూడటానికి ఈ-కోర్ట్స్ యాప్ ఉంది. జిల్లా, కోర్టు, పోలీస్ స్టేషను, ఎఫ్‌ఐఆర్ నంబరు, సంవత్సరం కొడితే కేసు ఏ కోర్టులో ఉందో, వాయిదా ఎప్పుడో, తేలిపోయిందో లేదో కనబడుతుంది. చార్జిషీటు మాత్రం అక్కడ వెతక్కు. అవి అందరూ చూసేలా నెట్‌లో పెట్టాల్సిన పత్రాలు కావని 2023 జనవరిలో సౌరవ్ దాస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ముద్దాయికి కాపీ ఇస్తారు. కేసుతో సంబంధం లేనివాళ్లకు కాగితాలు కావాలంటే, ఎందుకో చెప్పి కోర్టులో అర్జీ పెట్టుకోవాలి, ఇచ్చేదీ లేనిదీ న్యాయాధికారి ఇష్టం. నా కాలంలో కాపీయింగ్ సెక్షను ముందు ఎండలో నిలబడి వంతు కోసం చూసిన పనిలో చాలా భాగం ఇప్పుడు మీ అరచేతిలో ఉంది. అందుకే మీ తరానికి జాగ్రత్త ఇంకాస్త ఎక్కువ కావాలి.

ఇప్పుడు ఎక్కడ ఆగాలో చెబుతాను, కాస్త శ్రద్ధగా చదువు తల్లీ.

పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల పేరు, ఊరు, బడి, ఫొటో ఏవీ బయటికి రాకూడదు. జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షను అది. పిల్లవాడు ఏం చేశాడని ఆరోపించినా సరే. అత్యాచార బాధితురాలి ఆనవాలు చెప్పడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షను కింద నేరం. ముద్దాయి పేరు చెబితే బాధితురాలు ఎవరో తెలిసిపోయే కేసులు పల్లెల్లో చాలా ఉంటాయి. తండ్రి పేరు చెప్పి కూతురి పేరు దాచినంత మాత్రాన దాచినట్టు కాదు కదా. అలాంటి చోట ముద్దాయి పేరు కూడా నీ నోటి నుంచి రాకూడదు.

వాట్సాప్ గ్రూపుల సంగతి నీకు చెప్పనక్కర్లేదు. ముసుగు వేసి కూర్చోబెట్టిన వరుసలో ఎవరో ఒకరి ఫొటో దొరికితే చాలు, చీకటి పడేలోపు మండలమంతా చేరుతుంది. నిప్పు లేనిదే పొగ రాదంటారు. కోర్టులో ఇన్నేళ్లు కూర్చున్నవాణ్ణి, నిప్పు లేకుండా వచ్చిన పొగలు చాలా చూశాను. ఆస్తి తగాదాల్లో అన్న పేరు పక్కన తమ్ముడి పేరు రాయించడం, ఊళ్లో లేని మేనత్తను ఏ5 చేయడం కొత్త కాదు. కేసు కొట్టేసిన నాడు ఆ గ్రూపుల్లో ఒక్కరూ మాట్లాడరు. ఈ ఇబ్బంది ఒక్క మన దగ్గరే కాదు. అమెరికాలో చాలా కౌంటీల్లో షెరిఫ్ వెబ్‌సైటులోనే పేరు కొట్టి జైల్లో ఎవరున్నారో చూడొచ్చు, కొన్ని చోట్ల ఫొటోతో సహా. అక్కడ చదువుకునే మన పిల్లల తల్లిదండ్రులకు అర్ధరాత్రి అది పెద్ద ఆసరా. బిడ్డ ఎక్కడున్నాడో, బెయిలు ఎంతో తెలుస్తుంది. కేసు కొట్టేశాక కూడా అదే ఫొటో ఉద్యోగాల దగ్గర అడ్డం పడటమూ అక్కడ ఉంది. తెరిచిన తలుపుకు రెండు వైపులా గాలి వస్తుందని తెలుసుకోవాలి.

నీకు ఇంకో రకం కబుర్లు కూడా వస్తాయి. "సంబంధం వచ్చిందమ్మా, కుర్రాడి మీద కేసులున్నాయేమో చూసి పెట్టు." "మేడ మీద వాటా అద్దెకిస్తున్నాం, వాళ్లమీద ఏమైనా ఉందా?" అడిగేవాళ్లు అత్తయ్యలూ మావయ్యలే, మొహం తిప్పుకోలేవు. నెట్‌లో ఎవరైనా చూడగలిగేది ఎలా చూడాలో వాళ్లకే నేర్పు, నువ్వు తీర్పరివి కాకు. పేర్లు కలిసిపోతాయని మరీ మరీ చెప్పు. మన జిల్లాలో వెంకటేశ్వరరావులు ఎంతమందో లెక్క లేదు. తండ్రి పేరు, వయసు, ఊరు మూడూ కలవనిదే ఆ మనిషే అనుకోవద్దను. కమిటీ పని మీద స్టేషన్‌లోనో జైలు ములాఖత్‌లోనో నీ చెవిన పడింది మాత్రం ఇంట్లో భోజనాల దగ్గర కూడా ఎత్తకు. మీ నాన్న అడిగినా సరే.

చివరగా నీ నోటుపుస్తకం గురించి. ప్రతి అరెస్టుకూ ఒక పేజీ పెట్టు. పేరు, క్రైమ్ నంబరు, తీసుకెళ్లిన గంట, కబురందిన మనిషి, మేజిస్ట్రేటు ముందు నిలబెట్టిన గంట, లాయరు ఎవరు. కింద ఒక వరుస ఖాళీగా వదులు, కేసు ఎలా ముగిసిందో రాయడానికి. ఏళ్లు పట్టినా అది నింపు. ఆ అరెస్టు సంగతి నీ ద్వారా ఎంతమందికి తెలిసిందో, కొట్టేసిన సంగతి కూడా అంతమందికీ వెళ్లి చెప్పు. వద్దన్నవాళ్లకు కూడా చెప్పు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న