పంపు దాచకు తల్లీ

అమ్మడూ, నెల తప్పిందని తెలిసిన రోజే ఇన్‌హేలర్ తీసి బీరువాలో పడేశావని మీ అమ్మ చెప్పింది. బిడ్డకి ఆ మందు తగులుతుందని నీ భయం. ఆ భయం పెట్టేవాళ్లు మన చుట్టూ ఎప్పుడూ ఉంటారు. కానీ లోపలున్న బిడ్డకి వేరే గాలి ఎక్కడిది? నీ ఒంట్లో ప్రాణవాయువు తగ్గితే బిడ్డకీ తగ్గుతుంది. ఉబ్బసం అదుపులో లేకపోతే బిడ్డ బరువు పెరగకపోవడం, నెలలు నిండకుండానే కాన్పు కావడం, నీకు బీపీ పెరగడం లాంటి ముప్పులు ఎక్కువ. నీ పంపులో ఉన్న బుడెసొనైడ్ గర్భిణులు ఎన్నో ఏళ్లుగా వాడుతున్న మందే. పీల్చిన మందులో రక్తంలో కలిసేది చాలా కొంచెం. ఈ రోజే బయటికి తీయి. మోతాదు ఎక్కువ తక్కువలు చెప్పాల్సింది డాక్టరుగారు, పక్కింటివాళ్లు కాదు.

కడుపుతో ఉన్నప్పుడు ఉబ్బసం మూడోవంతు మందికి తగ్గుతుంది, మూడోవంతు మందికి పెరుగుతుంది, మిగతావాళ్లకి ఎప్పటిలాగే ఉంటుంది. పెరిగేవాళ్లకి 24 నుంచి 36 వారాల మధ్య ఎక్కువగా పెరుగుతుంది. నా దిగులంతా అక్కడే. ఈ శ్రావణంలో నీకు మూడో నెల, మార్గశిరానికి ఏడు వస్తుంది. సరిగ్గా అప్పుడే మన ఊరి వైపు డెల్టాలో వరి కోతలు. మిషన్‌తో కోసిన చేలల్లో గడ్డి తగలబెడితే ఆ పొగ పొద్దుటి మంచులో చిక్కుకుని ఇళ్ల మీదే తిరుగుతుంది. ఆ వెనకే భోగి మంటలు. ఆనవాయితీ ప్రకారం నిన్ను ఏడో నెలలో పుట్టింటికి తీసుకురావాలి గానీ, ఈసారి సీమంతం పటమటలో మీ ఇంట్లోనే చేద్దాం. బెజవాడ గాలి గొప్పదేం కాదు, బెంజ్ సర్కిల్ దుమ్ము నాకు తెలుసు. అయినా అర్ధరాత్రి ఆయాసం వస్తే ఆసుపత్రి దగ్గర. మీ అత్తయ్యగారితో నేను మాట్లాడతాను. ఎండుమిర్చి పోపు పెట్టేటప్పుడు నువ్వు వంటింట్లో ఉండకు.

పంపు వాడే తీరు కూడా చూసుకో. హడావిడిగా నొక్కితే మందంతా నాలుక మీదే పడుతుంది. బాగా కుదిపి, స్పేసర్‌కి తగిలించు. ఊపిరి మొత్తం వదిలేసి, ఒక్కసారి నొక్కి, నెమ్మదిగా లోపలికి లాగు. పది లెక్కపెట్టేదాకా బిగబట్టు. రోజూ వాడే స్టెరాయిడ్ పంపు అయితే తర్వాత నోరు పుక్కిలించాలి, లేకపోతే నోట్లో తెల్లగా పూస్తుంది.

ఇక నీకు మాటిమాటికీ చేరే నెమ్ము సంగతి. పోయినసారి మిగిలిన మాత్రలున్నాయని మింగకు. మందుల షాపులో అడిగి తెచ్చుకోకు. డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటివి ఈ సమయంలో సాధారణంగా ఇవ్వరు. గర్భిణులకి ఇవ్వదగిన యాంటీబయాటిక్‌లు వేరే ఉన్నాయి, అవి డాక్టరుగారే రాస్తారు. ఒళ్లు నొప్పులకి ఐబూప్రొఫెన్ వద్దు, కొందరికి దాంతోనే ఉబ్బసం లేస్తుంది. దగ్గు రెండు వారాలు దాటితే కళ్లె పరీక్ష చేయించు. ఛాతీ ఎక్స్‌రే అవసరమన్నారంటే బెదిరిపోకు, బిడ్డకి చేరే కిరణాలు బహు స్వల్పం. కడుపుతో ఉన్నానని మాత్రం ముందే చెప్పు. ఫ్లూ టీకా అడిగి వేయించుకో. రాత్రిపూట దగ్గు పులితేన్పుల వల్ల కూడా వస్తుంది, పెందలాడే తిని తల ఎత్తుగా పెట్టుకుని పడుకో.

మాట పూర్తిచేయలేనంత ఆయాసం వచ్చినా, పెదాలు నీలంగా మారినా, పంపు కొట్టినా తెరిపి లేకపోయినా ఎవరి కోసమూ చూడకుండా 108కి ఫోన్ చెయ్యి.

కాన్పు గదిలోకి వెళ్లగానే ఉబ్బసం ఉందని నర్సుకీ, మత్తు డాక్టరుకీ ఇద్దరికీ చెప్పు. కాన్పయ్యాక రక్తస్రావం ఆపడానికి ఇచ్చే ఇంజెక్షన్లలో కార్బోప్రోస్ట్ అనేది ఉబ్బసం ఉన్నవాళ్లకి పడదు, వేరేవి ఇస్తారు. నీ చీటీ మీద పెద్దక్షరాలతో రాయించు. పాలిచ్చేటప్పుడూ పంపు మానొద్దు. పురిటి గదిలో సాంబ్రాణి పొగ మాత్రం వేయనివ్వను, అమ్మమ్మకి నేనే నచ్చజెబుతాను.