చెరుపదగినది, చెరుపరానిది

ధ్యాన భాగములు: యిర్మీయా 36, 2 సమూయేలు 11, 12, మత్తయి 1:6



మన మేడ్చల్, శామీర్‌పేట పల్లెలలో బాప్తిస్మము, వివాహము, సమాధి లెక్కలను కంప్యూటరులో ఎక్కించుకొను సంఘములు కలవు. యంత్రము చెడిన యెడల లెక్కలు పోకుండ సి.డి. మీద నకలు తీసి యుంచుట మంచి అలవాటు. యెహోయాకీము రాజు కుంపటి యెదుట కూర్చుండి ప్రవక్త మాటల చుట్టను కోసి కాల్చివేసెను. అయితే యిర్మీయా మరల చెప్పగా బారూకు మరల వ్రాసెను. రాజు కాల్చినది చుట్టను గాని సత్యమును గాదు.

అయితే సి.డి.లలో ఒక రకము తుడిచి మరల వ్రాయదగినది. సన్నని లేజరు కిరణము దానిలోని లోహపు పొరను మిక్కిలి వేడిచేయగా, అది వెంటనే చల్లారి మచ్చ యేర్పడును, అదే వ్రాత. కొంత తక్కువ వేడిమి తగిలిన యెడల మచ్చ మాసి పొర మొదటివలె నగును, అదే చెరుపుట. సుమారు వెయ్యి మారులు ఇట్లు చేయవచ్చును. పలక తుడిచిన సుద్ద మరకయైన మిగులును. దీనిమీద ఏమి మారినదో కంటికి కనబడదు.

ఇచ్చటనే మనస్సాక్షికి ప్రశ్న కలుగుచున్నది. ఒక తండ్రి వచ్చి, "అయ్యగారూ, పిల్లకు సంబంధం కుదిరింది. పుట్టిన తేదీ రెండేండ్లు వెనుకకు వేయండి, కంప్యూటరే గదా" అని బ్రతిమాలునేమో. ఆయన బీదతనము చూచి మనకు జాలి కలుగును. కాని పదునెనిమిదేండ్లు నిండని ఆ బిడ్డకు ఆ తేదీయే కాపుదల. తేదీని చెరిపిన చేయి ఆ బిడ్డ కాపుదలనే తీసివేయును.

మరి నిజమైన పొరపాటును దిద్దరాదా? దిద్దవలెను. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టపు 78వ సెక్షను మార్గము చూపుచున్నది: మొదటి వ్రాతను మార్చక, సాక్షుల యెదుట అంచున సవరణ వ్రాసి, సంతకము చేసి, తేదీ వేయవలెను. దిద్దుబాటు వెలుగులో జరుగును. మోసము చీకటిని కోరును.

"దేవుడే మన పాపములను తుడిచివేయుచున్నాడు గదా" అని కొందరడుగుదురు. నిజమే. దావీదు పాపమును ప్రభువు తొలగించెను. అయినను ఆ సంగతి లేఖనములో నుండి తొలగింపబడలేదు. మత్తయి వ్రాసిన వంశావళిలో సహితము ఊరియా పేరు నిలిచియున్నది. దేవుడు దోషమును తుడుచును గాని, జరిగిన దానిని జరుగలేదని చెప్పడు. క్షమాపణ వేరు, అబద్ధము వేరు.

కాబట్టి సంఘపు పెద్దలారా, సిరాతో వ్రాసిన పుస్తకమును పారవేయకుడి. దాని నకలును ఒక్కమారే వ్రాయదగిన సి.డి. మీద నుంచుడి. మరల వ్రాయదగిన బిళ్లను పాటల పట్టికకు, కూటముల ఉత్తరములకు వాడుకొనుడి. లెక్కలకు దానినే వాడవలసిన యెడల, రెండు బిళ్లలు పెట్టుకొని ఒకటి విడిచి ఒకటి వ్రాయుడి. లేనిచో నేటి తప్పు నిన్నటి మంచి ప్రతిని మింగివేయును. ఒక నకలు గుడిలోను, మరియొకటి ఒక పెద్ద యింటిలోను ఉండవలెను. వాటికి ఎండ తగులనీయకుడి. అప్పుడప్పుడు తెరచి చదువబడుచున్నవో లేదో చూడుడి. క్రొత్త కంప్యూటర్లలో అనేకము సి.డి. పెట్టు చోటు లేకయే వచ్చుచున్నవి గనుక, మరియొక సాధనములోను నకలుంచుడి.

ఎవరును చూడనప్పుడును మన చేతులు నమ్మకముగా నుండునట్లు ప్రభువు మనకు సహాయము చేయును గాక. ఆమేన్.