మనవారి లెక్క అడుగువాడెవడు?

ధ్యానభాగము: 2 సమూయేలు 12:1–14



నాతాను ప్రవక్త దావీదు రాజునకు చెప్పిన కథ మన ఆదివారపు బడి పిల్లలకు కూడ తెలిసినదే. ధనవంతుడొకడు, బీదవాడొకడు. బీదవానికి ఉన్నది ఒకే గొఱ్ఱెపిల్ల; దానిని తన కంచములోనిదే పెట్టి కన్నబిడ్డవలె పెంచుకొనెను. ధనవంతుని ఇంటికి చుట్టము వచ్చినప్పుడు వాడు తన మంద జోలికి పోక, ఆ బీదవాని పిల్లను పట్టించి కోయించెను. దావీదు గొఱ్ఱెలకాపరిగా పెరిగినవాడు గదా! వినగానే మండిపడి, అట్టివాడు చావదగినవాడనియు, నాలుగంతలు మరల చెల్లింపవలెననియు తీర్పు చెప్పివేసెను. ఆ తీర్పులో తప్పేమియు లేదు. నాలుగంతలనుట ధర్మశాస్త్రములోని లెక్కయే (నిర్గమ 22:1). తప్పు ఎదుటివానిది అనుకొన్నంతసేపు రాజుగారి న్యాయము చక్కగానే పనిచేసెను. ఆ మనుష్యుడు తానేయని నాతాను వ్రేలు చూపినప్పుడే అసలు పరీక్ష వచ్చినది.

ఇంకొక సంగతి గమనించుడి. నాతాను ఫిలిష్తీయుడు కాడు, సౌలు ఇంటివాడును కాడు. దావీదు కొలువులోనివాడే. ఆయన సింహాసనము నిలుచునను దేవుని వాగ్దానమును మోసికొనివచ్చినది కూడ ఈ నాతానే (7వ అధ్యాయము). శత్రువు వచ్చి చెప్పియుండినయెడల, అది శత్రువు మాట అని త్రోసివేయుట ఎంత సులభము!

ఈ నెల ఈ భాగమును ఎత్తుకొనుటకు కారణమున్నది. మన సంఘములో ఒక వృద్ధురాలైన తల్లి యున్నది. ఆమె అనుమతితోనే వ్రాయుచున్నాను. ఆమె కుమారులిద్దరును అమెరికాలో ఉద్యోగములు చేయుచున్నారు. పెద్దవాడు డల్లాసులో, చిన్నవాడు న్యూజెర్సీలో. పోయిన క్రిస్మసుకు ముందు ఆమె మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుండి, "అయ్యగారూ, మా పిల్లలిద్దరికీ మాటల్లేవండి. ఏడాది దాటిపోయింది" అని కన్నీరు పెట్టుకొనెను. పొలము తగాదా యేమో అనుకొని అడిగితిని. "పొలం కాదండి. అక్కడి ఎలక్షన్లంట. పెద్దోడు ట్రంపు మనిషి, చిన్నోడు అవతలి పార్టీ. ఇంట్లోవాళ్లందరికీ ఉన్న వాట్సాప్ గ్రూపులో తిట్టుకున్నారు. పిల్లల ముందు చదవలేని మాటలండి" అనెను. పెద్దవానికి అక్కడి పౌరసత్వము వచ్చినది, ఓటున్నది. చిన్నవానికి ఇంకను ఓటు లేదు. ఓటు లేనివాడే ఎక్కువ వాదించునట! (మనలో కొందరు నవ్వుకొందురేమో గాని, ఆమె నవ్వలేదు.)

అమెరికా రాజకీయము మన పత్రికకెందుకని పెద్దలెవరైన అడుగవచ్చును. మన పిల్లలు అక్కడ ఉన్నారు. ఇప్పటి ఉపాధ్యక్షుని భార్య ఉషా గారి తలిదండ్రులు మన తెలుగు దేశమునుండి వెళ్లినవారే. మనకు సువార్త తెచ్చిన దొరలలో అనేకులు ఆ దేశమువారే. అంతకంటె, అక్కడివారు పడిన గుంటలో మనము పడకుండునంత జ్ఞానవంతులము కాము.

ఆ దేశములో రెండు పెద్ద పార్టీలు, రిపబ్లికన్, డెమొక్రాటిక్ అనునవి. తలిదండ్రులు ఏ పార్టీవారో పిల్లలును ఆ పార్టీవారే యగుట అక్కడ సాధారణము. పార్టీలుండుట పాపము కాదు. అయితే తన పార్టీవాని దూలము నలుసుగాను, ఎదుటి పార్టీవాని నలుసు దూలముగాను కనబడునప్పుడు ఎవనిని ఎవడు లెక్క అడుగును?

ఒకప్పుడు అడిగినవారుండిరి. 1972లో రిచర్డ్ నిక్సను 49 రాష్ట్రములు గెలిచి రెండవసారి అధ్యక్షుడాయెను. ఆ ఎన్నికకు ముందు జూన్ 17న ఆయన పక్షముగా పనిచేయువారు వాషింగ్టనులోని వాటర్‌గేట్ భవనములో, డెమొక్రాటుల కార్యాలయములో దొంగతనముగా చొరబడి పట్టుబడిరి. ఆరు దినములకే నిక్సను తన గదిలో కూర్చుండి ఆ విచారణను ఆపించు ఉపాయము చెప్పెను. ఆయన మాటలను ఆయన పెట్టించిన యంత్రమే టేపు మీద పట్టుకొనెను! రెండేండ్లు ఆ టేపులను దాచెను. 1974 జూలైలో సుప్రీంకోర్టు న్యాయాధిపతులు ఎనమండుగురును ఏకముగా ఇయ్యవలసినదే అనిరి. వారిలో ముగ్గురు నిక్సను నియమించినవారే. ఆగస్టు 5న టేపులోని మాటలు బయటపడెను.

ఆగస్టు 7 సాయంకాలము ఆయనను చూడవచ్చినవారెవరు? డెమొక్రాటులు కారు. బారీ గోల్డ్‌వాటరు, హ్యూ స్కాటు, జాన్ రోడ్స్ అను ముగ్గురు, ఆయన పార్టీలోని పెద్దలే. గోల్డ్‌వాటరు 1964లో ఆ పార్టీ తరఫున అధ్యక్ష పదవికి నిలిచి ఓడినవాడు. ఆయన మెతక మనిషి కాడు. ఆ ముగ్గురును రాజీనామా చేయుమని చెప్పలేదు, కేకలు వేయలేదు. సెనేటులో నిన్ను కాపాడుటకు 34 ఓట్లు కావలెను, అవి లేవు అని ఉన్న లెక్క మాత్రము చెప్పిరి. మరునాటి రాత్రి నిక్సను తాను దిగిపోవుచున్నానని దేశమునకు తెలిపెను. ఒక నెల తరువాత క్రొత్త అధ్యక్షుడు ఫోర్డు ఆయనకు క్షమాభిక్ష యిచ్చెను గనుక న్యాయస్థానము ఎదుట నిలువలేదు. అది సరియా కాదా అని నేటికిని అక్కడ వాదించుకొందురు. నా మట్టుకు అది తొందరపాటే అని తోచును.

ఆ కొలువులోనే చార్లెస్ కోల్సను అను కఠినుడొకడుండెను. 1973లో ఆయన క్రీస్తును నమ్ముకొనెను. నమ్మినందున కేసు మాఫీ కాలేదు, కావలెనని ఆయన కోరనులేదు. 1974లో తన నేరము తానే ఒప్పుకొని ఏడు నెలలు చెరసాలలో ఉండెను. బయటికి వచ్చి 1976లో ఖైదీలకొరకు ఒక పరిచర్య స్థాపించెను.

ఇప్పటి సంగతి చూడుడి. 2020 ఎన్నికలో ఓడిన ట్రంపు గారు ఓటమిని ఒప్పుకొనలేదు. 2021 జనవరి 6న ఓట్ల లెక్క జరుగుచుండగా జనులు శాసనసభ భవనము మీద పడిరి. వారమునకే ప్రతినిధుల సభ ఆయనను అభిశంసించెను. ఆయన పార్టీవారు పదిమంది అందుకు ఓటు వేసిరి. సెనేటులో 57 మంది దోషియనిరి, వారిలో ఏడుగురు ఆయన పార్టీవారే. కావలసినది 67 గనుక విడువబడెను. ఆ పదిమందికి ఏమాయెను? 2022 ఎన్నికల తరువాత సభలో మిగిలినవారు ఇద్దరే. తక్కినవారిలో నలుగురు మరల పోటీ చేయలేదు, నలుగురిని స్వంత పార్టీ ఓటర్లే తీసివేసిరి. నాతానునకు దావీదు నగరిలో చోటు పోలేదు. ఈ దినములలో నాతానులకు చోటు లేదు. 2025 జనవరి 20న మరల పదవికి వచ్చిన దినముననే ట్రంపు గారు ఆ దాడి కేసులలోని దాదాపు 1500 మందికి క్షమాభిక్ష ప్రకటించెను.

ఇది చదివి చిన్నకుమారుడు సంతోషించుచుండునేమో! నాయనా, ఆగుము. మీ పార్టీ అధ్యక్షుడు బైడెను గారు తన కుమారునికి క్షమాభిక్ష ఇయ్యనని పలుమారులు చెప్పి, 2024 డిసెంబరు 1న ఇచ్చివేసెను. తండ్రి మనస్సు నాకు తెలియును. దావీదు కూడ అబ్షాలోము విషయములో తండ్రియే గాని రాజుగా నడువలేదు, దేశమంతయు దాని ఫలము అనుభవించెను. బైడెను గారి పార్టీలో కొందరు అది తప్పని పైకి చెప్పిరి, కొందరు నోరు మెదపలేదు.

ఈ రోగమును ముదరబెట్టినది మన చేతిలోని ఫోనని అందరును అందురు. అందులో నిజమున్నది. 2021 అక్టోబరు 5న ఫ్రాన్సెస్ హాగెన్ అను స్త్రీ, ఫేస్‌బుక్ కంపెనీలో పనిచేసి మానినది, సెనేటు ఎదుట సాక్ష్యము చెప్పెను. కోపము పుట్టించు మాటలకు జనులు ఎక్కువగా జవాబిత్తురు గనుక యంత్రము వాటినే పైకి తెచ్చుచున్నదనియు, కంపెనీవారికి అది తెలియుననియు వారి కాగితములతోనే చూపెను. పైగా 1996లో చేసిన చట్టమొకటి, ఇతరులు వ్రాసిన మాటలకు ఆ కంపెనీలు బాధ్యులు కారని కాపాడుచున్నది. లెక్క అడుగుదమన్న తలుపు మూయబడియున్నది. 2024 జనవరి 31న ఆ కంపెనీ యజమాని జుకర్‌బర్గ్ సెనేటు విచారణలో లేచి వెనుకకు తిరిగి, బిడ్డలను పోగొట్టుకొని వారి పటములు పట్టుకొని కూర్చున్న తలిదండ్రులకు విచారము తెలిపెను. ఆ తలిదండ్రుల ముఖములు చూచినవాడెవడును ఇది చాలునని అనడు.

అయినను తప్పంతయు యంత్రము మీదికి నెట్టజాలము. 2018లో ఆ దేశపు పండితులు ట్విట్టరులో పదకొండేండ్లుగా ప్రాకిన ఇంచుమించు 1,26,000 వార్తలను పరీక్షించి, అబద్ధము నిజముకంటె త్వరగాను దూరముగాను పోవుచున్నదని కనుగొనిరి. దానిని ముఖ్యముగా మోసినవి యంత్రములు కావు, మనుష్యులే. 2025 జూన్‌లో మిన్నెసోటాలో డెమొక్రాటు శాసనసభ్యురాలు మెలిస్సా హార్ట్‌మన్‌ను ఆమె భర్తతో కూడ ఇంటిలోనే కాల్చి చంపిరి. సెప్టెంబరులో యూటాలో రెండవ పక్షపు ప్రచారకుడైన చార్లీ కిర్క్‌ను సభలో కాల్చి చంపిరి. ఈ రెండు చావులకును ఫోనులలో వెక్కిరించినవారుండిరి. నాలుక నిప్పు వంటిదని యాకోబు వ్రాసినప్పుడు (3వ అధ్యాయము) ఆయనకు బొటనవ్రేలి సంగతి తెలియదు.

నా సంగతి చెప్పకపోయిన ఈ ప్రసంగము చెప్పుటకు నాకు హక్కు లేదు. 2024 జూలై 13న పెన్సిల్వేనియాలో బట్లరు అను ఊరి సభలో ట్రంపు గారి మీద కాల్పులు జరిగెను. ఆయన చెవికి గాయమాయెను, సభకు వచ్చినవాడొకడు మరణించెను. కాల్చినవాడు ఫలాని పరదేశి, ఫలాని మతమువాడు అని నాకొక వార్త వచ్చినది. క్రింద "ప్రార్థించుడి" అని చేర్చి సంఘపు గ్రూపులో పంపితిని. మరునాడు తెలిసినది, వాడు ఆ రాష్ట్రమువాడే యైన ఇరువదేండ్ల కుర్రవాడు. నేను చప్పుడు చేయక దానిని తీసివేసితిని. ఎవరును చూడలేదనుకొంటిని. బుధవారపు కూడిక తరువాత ఇంటరు చదువు పిల్ల ఒకతె, "అయ్యగారూ, ఆ మెసేజ్ తీసేశారేంటండి? అబద్ధమా?" అని అడిగెను. నాకు సిగ్గుకంటె ముందు కోపమే వచ్చినది. రెండు రాత్రులు నిద్రపట్టలేదు. ఆదివారము కానుకలు పట్టకముందే లేచి, నేను అబద్ధము పంపితిని, దానివలన మన ఊరిలోని అన్యమతస్థులైన పొరుగువారిని అవమానపరచితిని అని చెప్పితిని. మోకాళ్లు వణకినమాట నిజము. ఆ పిల్ల మూడవ బల్ల మీద తల వంచుకొని కూర్చుండెను.

ఒప్పుకొనుటకు మనుష్యులకే గాక సంఘములకును ఎంత కాలము పట్టునో చూడుడి. 1840లో డే దొరగారు నెల్లూరులో మిషను స్థాపించిరి. ఐదేండ్లకు, అనగా 1845లో, అమెరికాలోని బాప్టిస్టు సంఘములు రెండుగా చీలెను. తగవు దేనిగూర్చి? బానిసలను కలిగియున్నవానిని మిషనరీగా పంపవచ్చునా అని! దక్షిణాదివారు వేరుపడి తమ సమాజము పెట్టుకొనిరి. ఇరుప్రక్కలవారును ఒకే గ్రంథము చదివిరి, ఒకే దేవునికి మొఱ్ఱపెట్టిరి. అంతర్యుద్ధము ముగియవచ్చినప్పుడు, 1865లో, లింకను గారు తన ప్రసంగములో ఈ మాటనే దుఃఖముతో తలచెను. ఆ దక్షిణ సమాజమువారు బానిసత్వమును సమర్థించినందుకు క్షమాపణ కోరుచు తీర్మానము చేసినది 1995లో. నూటయేబది సంవత్సరములు! తప్పు చేసినవారును, పడినవారును అందరు మట్టిలో కలిసిన తరువాత. ఆలస్యమైనను చేసిరి, దేవునికి స్తోత్రము. దావీదునకు పట్టినది ఒక్క నిమిషము. నేను పాపము చేసితినని ఆయన వెంటనే ఒప్పుకొనెను. బత్షెబ వలన దావీదునకు తరువాత కలిగిన కుమారులలో ఒకనికి నాతాను అని పేరు (1 దిన. 3:5). ఎవరినిబట్టి ఆ పేరు పెట్టెనో గ్రంథము చెప్పదు. లూకా వ్రాసిన మన ప్రభువు వంశావళి ఆ కుమారుని ద్వారానే సాగుచున్నది.

ఆ తల్లి కోరగా నేను కుమారులిద్దరికి ఉత్తరము వ్రాసితిని. ఎవరి పార్టీ మంచిదని వ్రాయలేదు. పెద్దవాడు తన పార్టీవారు చేసిన తప్పు ఒకటి, చిన్నవాడు తన పార్టీవారు చేసిన తప్పు ఒకటి, స్వహస్తముతో కాగితము మీద వ్రాసి ఒకనికొకడు పంపుకొనవలెననియు, దానిక్రింద "అయితే మీవారు" అను మాట వ్రాయకూడదనియు కోరితిని. చిన్నవాడు నాలుగు వారములకు పంపెను. పెద్దవాడు అందినదని మాత్రము నాకు తెలిపెను, తనది ఇంకను పంపలేదు. ఆమె బుధవారపు కూడికకు వచ్చినప్పుడెల్ల ఫోను ఒడిలోనే పెట్టుకొని కూర్చుండుచున్నది. ప్రార్థన మధ్యలో మ్రోగిన ఎవరును కసరవద్దని స్త్రీల సమాజమువారితో చెప్పియుంచితిని.