గడులు నింపుట



నేను పండితుడను కాను. హోసూరులో బట్టల అంగడి పెట్టుకొని బ్రతుకుచున్నవాడను. చదువు హైస్కూలుతో సరి. ఈ సంచికకు ధర్మవిషయమేదైనా వ్రాయుమని పెద్దలు అడిగినప్పుడు, శాస్త్రము చెప్పుటకు మహరాజ్ సాహెబులున్నారు గదా, నేను ఆటను గురించి వ్రాస్తానన్నాను. వారు నవ్వారు. అయినను వద్దనలేదు.

నా బాల్యము కృష్ణగిరిలో గడిచినది. అప్పటికది ధర్మపురి జిల్లాలో ఒక ఊరు; జిల్లా అయినది 2004లో. మాకు ఇంట మార్వాడీ, అంగట తెలుగు, బడిలో తమిళము. నాకు తెలుగు వచ్చినది మాత్రము పక్కింటి అవ్వగారి వసారాలో. వైకుంఠ ఏకాదశి నాటి రాత్రి నిద్ర రాకుండుటకై వారింట వైకుంఠపాళి పరచేవారు. నిచ్చెన దొరికితే కేరింతలు, పాము మ్రింగితే ఏడుపు. పై వరుసలో ఉన్న పెద్ద పాము నోట పడినవాడు మొదటికి వచ్చేవాడు. ఒకసారి నేను కోపముతో గవ్వలు విసరివేయగా అవ్వ, “పాము మీద కోపమెందుకురా, ఆ గడికి నడిచినది నీ కాయే గదా” అన్నది.

ఇటువంటి ఆట మనవారికిని కలదని తరువాత తెలిసినది. దానిని జ్ఞాన చౌపడ్ అందురు. 84 గడులు గల జైన పటములు గుడ్డమీదను కాగితముమీదను వ్రాసినవి నేటికిని నిలిచియున్నవి. పర్యూషణ దినములలో దానిని ఆడేవారు. కోరిన గమ్యము పైనున్న సిద్ధశిల. ఈ దేశపు ఆటయే 19వ శతాబ్దము చివర ఇంగ్లండు చేరి, ధర్మము పోయి పిల్లల కాలక్షేపమైనది.

మన శాస్త్రములోని 14 గుణస్థానములను తలచుకొన్నప్పుడెల్ల నాకు ఆ పాళియే కనబడుచుండును. పదకొండవ మెట్టు పేరు ఉపశాంతమోహము. మోహము నశించలేదు, అణగియున్నది. నివురు కప్పిన నిప్పు. అంత ఎత్తుకు ఎక్కిన జీవుడు అక్కడ ఒక ముహూర్తమైనను నిండుగా నిలువలేడు, పడిపోవును. మోహమును క్షయము చేసికొనుచు వచ్చినవాడు ఆ మెట్టును తాకక పదవ దానినుండి పన్నెండవ దానికి పోవును. పెద్ద పాము అడుగు వరుసలో ఉండక పైననే ఎందుకుండునో నాకు దీనివలన అర్థమైనది.

మన తపస్సులలో కూడ ఈ మెట్ల లెక్క ఉన్నది. వర్ధమాన తపము చూడండి. ఒక ఆయంబిలు, ఒక ఉపవాసము. రెండు ఆయంబిలులు, ఒక ఉపవాసము. ఇట్లు ఒక్కొక్కటి పెంచుచు నూరు ఓళీలు. పాలు, పెరుగు, నేయి, నూనె, బెల్లము లేని ఒంటిపూట భోజనములు 5,050, ఉపవాసములు 100, మొత్తము 5,150 దినములు. నెలకు 30 రోజుల చొప్పున 14 సంవత్సరముల 3 నెలల 20 రోజులు. మొదటనే ఇంత మొత్తము చెప్పితే ఎవడు కూర్చుండును? కాని మొదటి మెట్టు ఒక్క ఆయంబిలే. అప్పు కట్టలేనివానికి మనము వాయిదాలు వేయమా?

నేటి పిల్లల ఫోనులలో ఉన్నదియు ఈ కిటుకే. డ్యుయోలింగో అని భాష నేర్పునది ఒకటున్నది; ఇన్ని దినములు విడువక చదివితివని లెక్క చూపును, ఒకరోజు తప్పితే ఆ లెక్క పోవునని బెదరించును. పెద్దలకు పదివేల అడుగులు. ఆ పదివేలు వైద్యులు తేల్చిన లెక్క కాదు. 1965లో జపానులో ఒక కంపెనీ తాను అమ్మిన అడుగుల యంత్రానికి పెట్టిన పేరు. వ్యాపారిగా దానిని మెచ్చుకోక తప్పదు.

ఇక నా సంగతి. 2024 చాతుర్మాస్యములో మా పాఠశాలవారు పిల్లలకు గడుల కార్డులు పంచారు. నియమము నిలిపిన రోజున గడిలో టిక్కు పెట్టవలెను. నా తొమ్మిదేండ్ల మనుమరాలు నవకారసీ వ్రతము పట్టినది, అనగా ప్రొద్దు పొడిచి 48 నిమిషములు దాటువరకు నీళ్ళైనను ముట్టరాదు. నేనును ఒక కార్డు అడిగి తీసికొని దినమునకొక సామాయికము పెట్టుకొన్నాను. గడులన్నియు నింపినవారి పేర్లు చివర ఉపాశ్రయములో చదువుతామన్నారు. నూరు దినములు ఒక్కటి తప్పలేదు. నిజము చెప్పవలెనంటే, ఏబది దాటినప్పటినుండి నేను సమభావము కొరకు కూర్చుండలేదు, గడి కొరకు కూర్చున్నాను.

101వ రోజు. దీపావళి మూడు దినములున్నది. కొట్టు జనముతో నిండియున్నది. సామాయికములో కూర్చున్నానేగాని మనస్సు గల్లాపెట్టె దగ్గర. ఇసుక గడియారములో సగము జారకముందే లేచి టిక్కు పెట్టాను. గడువు నిండకుండ లేచుట సామాయికపు అయిదు అతిచారములలో ఒకటని నాకు తెలియనిది కాదు.

“దాదాజీ, ఇసుక ఇంకా పైననే ఉన్నదే?” అన్నది మనుమరాలు.

“పెద్దవాళ్ళ లెక్క వేరమ్మా” అన్నాను.

మరునాడు బడి బస్సుకు వేళయినదని ఆమె గడువుకు ముందే పాలు త్రాగి, తన కార్డులో టిక్కు పెట్టినది. ఇదేమిటమ్మా అంటే, “పిల్లల లెక్క కూడ వేరే దాదాజీ” అన్నది. ఆమె నన్ను వెక్కిరించలేదు, నిజముగనే అనుకొన్నది. చిట్టాలో లేని సరుకు ఆవర్జాలో వ్రాసినవాడిని గుమాస్తాగా ఒక్కరోజు ఉంచను నేను. అటువంటి పద్దు నా చేతితో వ్రాసి, తొమ్మిదేండ్ల పిల్లకు నేర్పియుంటిని.

ఆ సాయంత్రము ప్రతిక్రమణములో ఆ మాట నోటితో చెప్పుకొన్నాను. ఇంటికి వచ్చి ఆమె ఎదుట నా గడి కొట్టివేశాను. ఆమె కొంచెముసేపు ఏడ్చి, తనదియు కొట్టివేసినది. ఉపాశ్రయములో పేర్లు చదివినప్పుడు మా ఇద్దరి పేర్లు రాలేదు. నాకు బాధ కలుగలేదని వ్రాస్తే అది ఇంకొక తప్పుడు పద్దు.

2009లో లండను యూనివర్సిటీ కాలేజీవారు 96 మందిని పరిశీలించిన సంగతి ఈ మధ్య చదివితిని. అలవాటు కుదురుటకు సగటున 66 రోజులు పట్టినదట. మనిషిని బట్టి 18 మొదలు 254 వరకు. నడుమ ఒకరోజు తప్పినంత మాత్రాన పెద్ద నష్టము రాలేదట. ఈ మాట నాకు 101వ రోజున తెలిసియుంటే ఆ టిక్కు పెట్టేవాడినో కాదో చెప్పలేను. తప్పిన రోజు మరునాడు కూర్చుండుటకు మనకు ప్రతిక్రమణమున్నది. తప్పలేదని వ్రాసికొన్నవానికి మాత్రము ఆ దారి మూసికొనును.

మరుసటి చాతుర్మాస్యమునకు పాఠశాలవారిని ఒక్కటే కోరాను: నియమము తప్పిన రోజున సున్న పెట్టుటకు చోటుండవలెను, పేర్లు చదువుట మానవలెను. మొదటిది ఒప్పుకొన్నారు. రెండవదానిపై ఇంకను వాదము జరుగుచున్నది. ఆ చాతుర్మాస్యమున నా కార్డులో ఆరు సున్నలు పడినవి, మనుమరాలి దానిలో నాలుగు. రాత్రి కొట్టు మూసి వచ్చుసరికి ఆమె నా కార్డు పట్టుకొని గడపలోనే కూర్చుండేది.