మాట్లాడని పరామర్శ

మా డోంగ్లిలో పరామర్శకి వెళ్లడమంటే చిన్న పనేం కాదు. చీర రంగు చూసుకోవాలి. వారం చూసుకోవాలి. తిరిగి వచ్చేటప్పుడు పొరపాటున కూడా "వెళ్లొస్తా" అనకూడదు. ఇవన్నీ నాకు తెలుసు. తెలియనిదల్లా ఒక్కటే. అక్కడ కూచున్నాక ఏం మాట్లాడాలి?

కిందటి వానాకాలంలో మా వెనక వీధి ఆవిడ భర్త పోయాడు. ఏడెనిమిది మందిమి చుట్టూ చేరాం. ఒకావిడ ధైర్యం తెచ్చుకోమంది. ఇంకొకావిడ, అంతా రాత అంది. మూడో ఆవిడ తన మరిది పోయిన వైనం మొదటినుంచీ చెప్పుకొచ్చి, చివరికి తనే ఏడుపందుకుంటే, పాపం ఆ ఇల్లాలే ఈవిడ వీపు నిమరాల్సి వచ్చింది. నేను మాత్రం తక్కువ తిన్నానా? "పిల్లల కోసమైనా నువ్వు తినాలి" అన్నాను. అందరికీ తల ఊపీ ఊపీ ఆవిడ అలసిపోయింది.

ఇంతలో ఒక వీధికుక్క లోపలికి వచ్చింది. పోయినాయన రోజూ దానికి జొన్నరొట్టె ముక్క వేసేవాడట. తిన్నగా వచ్చి ఆవిడ పాదాల మీద గడ్డం ఆనించి పడుకుంది. ఎవరో "హడే" అని అదిలించబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండనీయిండ్రి. అదొక్కటే నన్ను ఏం అడుగుతలేదు."

ఆ మాట నాకు చురుక్కుమంది.

ఆ రాత్రి చికాగో దగ్గరుంటున్న మా చెల్లెలి కూతురు ఫోన్ చేస్తే ఈ సంగతి చెప్పాను.

"ఇక్కడి చర్చివాళ్లు ఇందుకోసమే కుక్కలకి తర్ఫీదిస్తారు పెద్దమ్మా" అంది.

"ఏం తర్ఫీదే? బైబిలు వస్తుందా దానికి?"

"రాదు. అందుకే తీసుకెళ్తారు."

తమాషాకన్న మాటే గానీ, ఆలోచించిన కొద్దీ అందులో నిజం కనబడింది. 2008 ఫిబ్రవరిలో అక్కడి ఇల్లినాయిస్ రాష్ట్రంలో ఒక విశ్వవిద్యాలయంలో కాల్పులు జరిగి ఐదుగురు విద్యార్థులు చనిపోయారు. బతికిన పిల్లల్ని ఊరడించడానికి కుక్కల్ని తీసుకువెళ్లారు. ఆ అనుభవం చూసి లూథరన్ చర్చ్ చారిటీస్ అనే సంస్థ అదే ఏడాది దీన్నొక పరిచర్యగా మొదలుపెట్టింది. 2012 డిసెంబరులో న్యూటౌన్ అనే ఊళ్లో ఒక ప్రాథమిక పాఠశాలలో 20 మంది పసివాళ్లు, ఆరుగురు పెద్దలు తుపాకీకి బలైనప్పుడు కూడా ఈ కుక్కలు వెళ్లాయి. గోల్డెన్ రిట్రీవర్ జాతివి. ఒంటిమీది తొడుగు మీద "దయచేసి నన్ను నిమరండి" అనే అర్థమొచ్చే మాట రాసి ఉంటుంది.

ఈ కుక్కల పెంపకంలో వాలంటీర్ల పాత్ర పెద్దది. పిల్లని ఇంటికి తెచ్చుకుని, కూర్చోమంటే కూర్చోవడం, కిందపడిన తినుబండారం ముట్టకపోవడం, చక్రాల కుర్చీని చూసి బెదరకపోవడం, ముసలివాళ్ల మీదికి ఎగబడకపోవడం అన్నీ ఓపికగా నేర్పుతారు. తీరా ఇంట్లో మనిషిలా కలిసిపోయాక పనికి పంపేస్తారు. అప్పగింతలన్న మాట! ఆ బాధేమిటో మనకి వేరే చెప్పాలా?

ఇదేదో నిన్నటి వింత కూడా కాదు. బోరిస్ లెవిన్సన్ అనే అమెరికా మనస్తత్వవేత్త, పెదవి విప్పని పిల్లలు తన కుక్క గదిలో ఉంటే తెరుచుకోవడం గమనించి 1962లోనే వ్యాసం రాశాడు. 2015లో జపాను శాస్త్రజ్ఞులు మరో సంగతి చెప్పారు. కుక్కా, దాన్ని పెంచేవాళ్లూ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటే ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ పెరుగుతుందిట. తల్లినీ బిడ్డనీ ముడివేసేది కూడా ఆ హార్మోనే.

బాగానే ఉంది గానీ, నాకు మూడు అనుమానాలు.

మొదటిది: దుఃఖంలో ఉన్నవాళ్ల దగ్గరికి మతం పేరుతో వెళ్లవచ్చునా? అప్పుడు మనిషి మనసు తలుపుల్లేని ఇల్లు. ఎవరైనా జొరబడవచ్చు. ఆ మాటకొస్తే మనమేం తక్కువ? శవం లేవకముందే ఏ శాంతి చేయించాలో, ఏ స్వామి దగ్గరికి వెళ్లాలో చెప్పేవాళ్లు మనలోనూ ఉన్నారు. దీనికి నాకు తోచిన కొలబద్ద ఒక్కటే. ఈ మనిషి ఎన్నటికీ మన గుడికో చర్చికో రాదని ముందే తెలిస్తే, అప్పుడు కూడా వెళ్తామా? వెళ్తామంటే అది సేవ. లేదంటే బేరం. మా పాత నిజామాబాదు జిల్లాలోనే డిచ్‌పల్లి ఉంది. స్కాట్లండ్ నుంచి వచ్చిన ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ, నలుగురూ వెలివేసిన కుష్ఠురోగుల కోసం 1915లో అక్కడ ఆశ్రమం తెరిచింది. ఆ క్రైస్తవ సేవకి చెయ్యి అందించినవాడు నర్సాగౌడ్ అనే హిందూ దాత. పుండు కడిగే చేతిని నువ్వెవరివని అడగాలని ఆయనకు తోచినట్టు లేదు.

బైబిల్లోనే యోబు కథ ఉంది. సర్వం పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న యోబు దగ్గరికి ముగ్గురు స్నేహితులు వస్తారు. ఏడు పగళ్లూ ఏడు రాత్రులూ అతనితోపాటు నేలమీద మౌనంగా కూచుంటారు. అంతవరకూ చక్కగానే ఉంది. నోళ్లు తెరిచాకే వచ్చింది చిక్కంతా! నీ పాపమే ఇదన్నారు. మా పరామర్శల్లో "నీ రాత" అన్నట్టే.

రెండో అనుమానం: మనుషులకే దిక్కులేనప్పుడు కుక్కలకి ఇంత హంగామానా? ఈ ప్రశ్న మా వారిది. స్వర్గం గుమ్మం దగ్గర ధర్మరాజుని కూడా కుక్కని వదిలి రమ్మన్నారు కదండీ, వదిలాడా, అన్నాను. ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు. అలాగని టీకాలు లేని వీధికుక్కని ఆస్పత్రి మంచమెక్కించమని కాదు నా ఉద్దేశం. కుక్క కరిస్తే గాయాన్ని సబ్బునీళ్లతో పావుగంటసేపు కడిగి, ఆ రోజే రేబిస్ సూది వేయించుకోవలసిందే. ఊరడింపు వేరు, అజాగ్రత్త వేరు.

మూడో అనుమానమే నన్ను నిద్రపోనివ్వలేదు. వాలంటీరు తన ఇష్టంతో వచ్చింది. కుక్క రాలేదు. పరాయివాళ్ల కన్నీళ్లు మోస్తానని అది ఎవరికీ మాట ఇవ్వలేదు. మరి న్యాయమేనా? ఈ సంగతి అక్కడివాళ్లూ ఆలోచించారట. పెట్ పార్ట్‌నర్స్ అనే మరో సంస్థ రోజుకి రెండు గంటలకు మించి ఏ కుక్కనీ పరామర్శలో ఉంచకూడదని నియమం పెట్టింది. ఎదుటివాళ్ల దుఃఖం దగ్గర కూచోవడం కూడా అలసటే అని గుర్తించారన్న మాట.

అది విన్నాక పరిచర్య అన్న మాట మీద ధ్యాస పోయింది. క్రైస్తవుల పుస్తకాల్లో చూడకముందు ఆ మాట నేనెక్కడ విన్నాను? పతి పరిచర్య, అత్తమామల పరిచర్య. పిల్లవాడు పరీక్ష తప్పినా, మామగారికి మోకాళ్ల నొప్పులొచ్చినా, ఆయనకి ఆఫీసులో మాట పడినా, ఆ బరువంతా ఇంట్లో ఎవరి ఒళ్లో దిగుతుందో మీకూ తెలుసు. రెండు గంటలయ్యాక "ఇక చాలమ్మా, విశ్రాంతి తీసుకో" అన్నవాళ్లు నాకైతే ఎవరూ గుర్తుకు రావడంలేదు. కుక్కతో పోల్చుకుంటున్నానని కోపగించకండి. కుక్కకున్న నియమం మనకి ఎందుకు లేదా అని అడుగుతున్నాను, అంతే. ఇంకొకళ్లు పెట్టేదాకా ఆగితే ఆ నియమం వస్తుందా? ఆడవాళ్లం ఒకరికొకరం పెట్టుకోవాలి.

చలికాలంలో మళ్లీ ఆవిడ ఇంటికి వెళ్లాను. ఈసారి మాటలేవీ సిద్ధం చేసుకోలేదు. రెండు జొన్నరొట్టెలు మాత్రం మూటగట్టుకున్నాను, ఒకటి కుక్కకి. ఆవిడ వాకిట్లో కందికాయలు ఒలుస్తోంది. పక్కన కూచుని నేనూ ఒలవడం మొదలుపెట్టాను. నోరు ఊరుకుంటేనా! "తింటున్నావా?" అని మూడుసార్లు నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను. చేట సగం నిండేసరికి ఆవిడే మొదలుపెట్టింది, ఆయనకి పచ్చి కందిగింజలంటే ఎంత ఇష్టమో. చెబుతూ ఏడ్చింది. ఏడుస్తూనే ఒలిచింది. నేను ఊరడించలేదు. కుక్క తోక ఆడించింది.

పొద్దు వాలుతుంటే కొంగు దులుపుకుని, అలవాటు ప్రకారం "వెళ్లొస్తా" అనకుండానే లేచాను.

"రేపు గూడ రా అక్కా. ఇంకో చాటెడు ఉన్నయి" అంది ఆవిడ.